స్కేలు పెట్టి గీసిన పొలిమేరలు

ఎనిమిదో తరగతి గోడకు ఆఫ్రికా పటం తగిలించిన రోజు మా పాఠం ముందుకు సాగలేదు. ఒక అమ్మాయి లేచి పటం దగ్గరికి వచ్చి, నమీబియా మీద వేలు పెట్టి, "సార్, ఈ దేశానికి చెయ్యి ఎందుకు మొలిచింది?" అని అడిగింది. చూస్తే నిజమే. నమీబియా ఈశాన్య మూల నుంచి సన్నటి పట్టీ ఒకటి తూర్పుకు చాచి ఉంటుంది, పక్కింటి దూలం మన ఇంట్లోకి వచ్చినట్టు. వెనక బెంచీ పిల్లవాడు ఇంకోటి కనిపెట్టాడు. "ఇటువైపు గీత స్కేలు పెట్టి గీసినట్టుంది సార్. మధ్యలో ఒక మెట్టు కూడా ఉంది." వాగు గానీ గుట్ట గానీ ఇంత తిన్నగా ఉండవని మా పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాళ్ళకు జవాబు చెప్పడానికి నేను ఒక దారి పట్టుకున్నాను. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి విక్టోరియా జలపాతం దాకా భూమార్గంలో వెళ్ళే యాత్రలు ఉన్నాయి. పెద్ద లారీని బస్సులాగా మార్చి, ఇరవై మంది దాకా యాత్రికులను ఎక్కించుకుంటారు. పైన, పక్కన గుడారాలు, మడత కుర్చీలు, నీళ్ళ డబ్బాలు, వంట సామాను. దాదాపు మూడు వారాల ప్రయాణం. సాయంత్రం ఎక్కడ ఆగితే అక్కడ గుడారం వేసుకోవాలి, పొద్దున్నే మడిచి ఎక్కించాలి. వంటలో, గిన్నెలు కడగడంలో అందరూ చెయ్యి వెయ్యాలి. దక్షిణాఫ్రికా, నమీబియా, బోత్స్వానా, మళ్ళీ నమీబియా, మళ్ళీ బోత్స్వానా, చివరికి జింబాబ్వే లేదా జాంబియా. ఈ దారి పొడుగునా ఎన్ని పొలిమేరలు దాటాలో, ఆ పొలిమేరలను ఎవరు ఎప్పుడు గీశారో చెబితే చెయ్యి సంగతీ మెట్టు సంగతీ రెండూ తెలుస్తాయనిపించింది.

పొలిమేర దగ్గర జరిగేది చూడడానికి చిన్న పనే. లారీ ఆగుతుంది. అందరూ దిగి వరుసలో నిలబడి పాస్‌పోర్టు మీద బయటికి వెళ్తున్నట్టు ఒక ముద్ర వేయించుకుంటారు. మళ్ళీ ఎక్కి, ఏ దేశానికీ చెందనట్టుండే ఆ కాస్త దూరం దాటి, అవతలి ఆఫీసులో ఫారం నింపి లోపలికి వచ్చినట్టు ఇంకో ముద్ర. డ్రైవరు బండి కాగితాలు చూపిస్తాడు. కొన్నిచోట్ల పచ్చి మాంసం ఉంటే తీసేసుకుంటారు. మందునీళ్ళలో తడిపిన గోనెపట్టా మీద చెప్పులు తొక్కమంటారు. గంటలో పని అయిపోతే అదృష్టం. ఎండలో నిలబడ్డ యాత్రికులు విసుక్కుంటారు. ఆ గంట వెనక నూటయాభై ఏళ్ళ కథ ఉంది.

మొదటి పొలిమేర ఆరెంజ్ నది. ఇటు ఒడ్డున వియోల్స్‌డ్రిఫ్ట్, అటు ఒడ్డున నూర్డూవర్, నడుమ వంతెన. చుట్టూ ఎండిన రాతి కొండలు, నది ఒడ్డున మాత్రం పచ్చటి ద్రాక్ష తోటలు. ఆరెంజ్ అంటే పండు అనుకుంటారు పిల్లలు. కాదు, నెదర్లాండ్స్ రాజవంశం పేరు. 1779లో రాబర్ట్ గోర్డన్ అనే సైనికాధికారి పెట్టాడు. అంతకు ముందు నదికి పేరు లేదా? ఉంది. ఆ ఒడ్డున పశువులు మేపుకునే ఖోయ్ జనం దాన్ని గరీప్ అన్నారు. వాళ్ళ భాషలో నది అనే అర్థం. నదికి అటూ ఇటూ ఉన్నది ఒకే జనం, నామాలు. తెల్లవాళ్ళ పుస్తకాల్లో కూడా నదికి దక్షిణాన ఉన్నది చిన్న నామాల దేశం, ఉత్తరాన ఉన్నది పెద్ద నామాల దేశం. 1847లో బ్రిటిషువాళ్ళు కేప్ కాలనీని ఆ నది దాకా పెంచుతున్నామని ప్రకటించారు. దాంతో ఊరి నడుమ పారే ఏరు రాజ్యం అంచు అయింది.

అక్కడితో ఆగలేదు. 1890 జూలై 1న బ్రిటన్, జర్మనీ ఒప్పందం రాసుకున్నప్పుడు పొలిమేర నది మధ్యలో కాదు, ఉత్తరపు ఒడ్డున అని రాశారు. అంటే నది మొత్తం బ్రిటిషువాళ్ళది. అవతలి ఒడ్డువాడు కాళ్ళు తడుపుకున్నా పరాయి దేశంలో అడుగు పెట్టినట్టే. 1990లో నమీబియా స్వతంత్రం అయినప్పుడు తన రాజ్యాంగం మొదటి అధికరణంలోనే తమ దక్షిణ పొలిమేర ఆరెంజ్ నది మధ్య దాకా ఉందని రాసుకుంది. ఒక దేశం రాజ్యాంగంలో మొట్టమొదట నీళ్ళలో తన సగం వాటా గురించి రాసుకోవలసి వచ్చింది.

ఇది మాకు కొత్తగా అనిపించదు. ప్రాణహితకు ఇవతల నిజాం, అవతల ఇంగ్లీషువాళ్ళు ఉన్న కాలంలో కూడా మా గోండులకు ఆ నది రెండు గట్లున్న ఒక తావే. ఇప్పుడు తెలంగాణ, మహారాష్ట్ర. పిల్లనిచ్చుకోవడం, తెచ్చుకోవడం ఆగలేదు. కాగితాలు మాత్రం గట్టు దగ్గర ఆగిపోతాయి. కోడలిగా వచ్చిన పిల్ల కుల ధ్రువపత్రం కోసం ఎన్నిసార్లు తిరిగిందో మా ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు.

ఆరెంజ్ నది దక్షిణపు ఒడ్డున రిఖ్టర్స్‌వెల్డ్ అనే ప్రాంతం ఉంది. యాత్రికులు ఆ కొండలను దూరం నుంచి చూసి ఫొటో తీసుకుని పోతారు. మన పాఠకులు మాత్రం అక్కడ కాసేపు ఆగాలి. అక్కడి నామా జనం నేలలో 1920లలో వజ్రాలు దొరికాయి. ప్రభుత్వం వచ్చి ఇది సర్కారు భూమి అంది. వాళ్ళను పక్కకు నెట్టి తవ్వుకుంది. తర్వాత అది ప్రభుత్వ గని కంపెనీ అయింది. వర్ణవివక్ష పాలన పోయాక ఆ జనం కోర్టుకెక్కారు. ప్రభుత్వం వైపు వాదన ఏమిటంటే, 1847లో బ్రిటిషు రాణి ఆ నేలను కలుపుకున్నప్పుడే వీళ్ళ హక్కు పోయింది అని. 2003 అక్టోబరులో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ఆ వాదన తోసిపుచ్చింది. ఆ జనానికి వాళ్ళ సొంత కట్టుబాటు ప్రకారం భూమి మీద, భూమిలోని ఖనిజం మీద ఉమ్మడి యాజమాన్యం ఉండేది, రాజ్యం మారినంత మాత్రాన అది పోలేదు, దాన్ని పోగొట్టింది 1913 తర్వాత వచ్చిన జాతి వివక్ష చట్టాలూ చర్యలూ అని చెప్పింది. మన సమత తీర్పు 1997లో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గని లీజు గిరిజనేతరులకు ఇవ్వకూడదని మన తీర్పు అంది. వాళ్ళ తీర్పు ఇంకో అడుగు లోపలికి వెళ్ళి, రాతలేని కట్టుబాటు కూడా చట్టమే అంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవవలసినవి.

నది దాటాక నమీబియా. ఈ దేశం జర్మనీ చేతికి ఎలా వచ్చిందో చెబితే మా పిల్లలు నవ్వారు, తర్వాత ఊరుకున్నారు. 1883లో అడాల్ఫ్ ల్యూడెరిట్జ్ అనే జర్మన్ వర్తకుడు సముద్రపు ఒడ్డున నేల కొనడానికి వచ్చాడు. బెథానీ నామాల నాయకుడు జోసెఫ్ ఫ్రెడెరిక్స్ దగ్గర కొంత డబ్బుకూ తుపాకులకూ తీరం వెంబడి భూమి కొన్నాడు. తీరం నుంచి లోపలికి 20 మైళ్ళ వెడల్పు అని పత్రంలో రాశారు. అయితే రాసింది భౌగోళిక మైళ్ళు అని. ఫ్రెడెరిక్స్‌కు తెలిసిన మైలు ఇంగ్లీషు మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. జర్మనీలో భౌగోళిక మైలు అంటే 7.4 కిలోమీటర్లు. 32 కిలోమీటర్లు అమ్మాననుకున్న మనిషి దాదాపు 148 కిలోమీటర్లు అమ్మాడు. అమ్మినదానిలో తన వాళ్ళు బతికే నేలే చాలావరకు పోయింది. జర్మన్ భాషలోనే దీనికి మైళ్ళ మోసం అనే పేరుంది. మానిక దొంగదైతే ఎంత కొలిచినా నిండదు, ఇది సంతలో అందరికీ తెలుసు. దేశాల విషయంలో కూడా అదే జరిగింది. మరుసటి ఏడు, 1884లో జర్మనీ ఆ నేల మీద తన జెండా ఎగరేసింది. అదే ఏడు నవంబరులో బెర్లిన్‌లో యూరపు రాజ్యాలు ఆఫ్రికా గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నాయి. 1885 ఫిబ్రవరి దాకా మాట్లాడుకున్నాయి. ఆఫ్రికా నుంచి ఒక్క మనిషినీ పిలవలేదు.

యాత్ర లారీ ఎడారి ఇసుక దిబ్బలు చూపించి స్వాకోప్‌ముండ్ అనే తీరపు పట్టణంలో రెండు రోజులు ఆగుతుంది. చక్కటి జర్మన్ ఇళ్ళు, బేకరీలు. ఆ ఊరి అంచున ఇసుకలో పేర్లు లేని సమాధులు వరుసలుగా, చిన్న మట్టి కుప్పల్లా ఉంటాయి. అవి 1904 తర్వాత అక్కడి నిర్బంధ శిబిరంలో చనిపోయిన హెరెరోలవి. హెరెరోలు పశువుల కాపరులు. భూమీ పశువులూ పోతుంటే 1904 జనవరిలో తిరగబడ్డారు. ఆగస్టు 11న వాటర్‌బర్గ్ దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. జర్మన్ సేనాపతి లోథార్ ఫోన్ త్రోథా వాళ్ళను తూర్పున ఉన్న ఒమాహెకే ఎండు నేలలోకి తరిమి, నీటి గుంటలకు కాపలా పెట్టించాడు. అక్టోబరు 2న ఆయన ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం జర్మన్ పొలిమేర లోపల కనిపించిన ప్రతి హెరెరోను, తుపాకి ఉన్నా లేకపోయినా కాల్చేయాలి. పొలిమేర అన్న మాటకు ఇంత అర్థం ఎప్పుడొచ్చిందో చూడండి. ఆ గీత దాటితే బతుకు, దాటకపోతే చావు. ఆ అక్టోబరులోనే నామాలు కూడా హెండ్రిక్ విట్‌బోయ్ నాయకత్వంలో తిరగబడ్డారు. ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన ఆ ముసలాయన 1905లో యుద్ధంలో గాయపడి చనిపోయాడు. హెరెరోలలో 80 శాతం దాకా, నామాలలో సగం మంది ఆ నాలుగైదు ఏళ్ళలో పోయారన్నది ఎక్కువగా చెప్పే అంచనా. ఇది జాతిహత్యేనని జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 2021 మే నెలలో.

హెరెరో నాయకుడు సామ్యుయేల్ మహరెరో కొద్దిమందితో ఆ ఎండు నేల దాటి బ్రిటిషు వాళ్ళ బెచువానాలాండ్‌లోకి, అంటే ఇప్పటి బోత్స్వానాలోకి చేరాడు. 1923లో అక్కడే పోయాడు. ఆయన శవం మాత్రం పొలిమేర దాటి తిరిగొచ్చింది. ఒకహాంద్యాలో తండ్రితాతల పక్కన పూడ్చారు. ఇప్పటికీ ఏటా ఆగస్టులో హెరెరోలు అక్కడ కూడుకుంటారు. బోత్స్వానాలో మిగిలిన హెరెరో ఆడవాళ్ళూ, నమీబియాలోని హెరెరో ఆడవాళ్ళూ ఇద్దరూ ఆవు కొమ్ముల్లాంటి అదే తలపాగా కడతారు.

ఉత్తరానికి పోతే ఇంకో పొలిమేర వస్తుంది. ఇది దేశాల మధ్యది కాదు, ఒక దేశం లోపలిది. ఎర్రగీత అంటారు. 1896లో రిండర్‌పెస్ట్ అనే పశువుల పెద్దరోగం జాంబెజి నది దాటి దక్షిణాఫ్రికా ఖండంలోకి దిగింది. ఎక్కడికి పోతే అక్కడ పదిలో తొమ్మిది పశువులు పడిపోయాయి. ఆ రోగం ఆఫ్రికాకు 1880లలో ఇటలీ సైన్యం తెప్పించిన పశువులతో వచ్చిందనీ, ఆ పశువులు మన ఇండియావనీ చాలామంది రాశారు. రోగాన్ని ఆపడానికి జర్మన్లు దేశానికి అడ్డంగా కాపలా ఠాణాల వరుస పెట్టారు. అది పశువులను ఆపిందో లేదో గానీ, మనుషులను వేరు చేసే గీతగా స్థిరపడింది. గీతకు దక్షిణాన తెల్లవాళ్ళ పొలాలు, పోలీసు రక్షణ. ఉత్తరాన అలాంటివేమీ లేని నల్లవాళ్ళ ఊళ్ళు. ఉత్తరం వాళ్ళు కూలికి దక్షిణానికి రావాలంటే పాసు కావాలి. పటంలో ఎర్ర సిరాతో గీసినందుకు ఎర్రగీత అన్నారు. తర్వాత 1960లలో దాని వెంబడి తీగ కంచె వేశారు. స్వతంత్రం వచ్చి మూడు దశాబ్దాలు దాటినా కంచె ఉంది. గాలికుంటు వ్యాధి భయంతో ఉత్తరాది పశువులను, పచ్చి మాంసాన్ని దక్షిణానికి రానివ్వరు. దక్షిణాది మాంసం యూరపుకు పోతుంది. ఉత్తరాది రైతు పశువు ఉత్తరంలోనే అమ్ముకోవాలి. యాత్ర లారీ వంటవాడి పెట్టెలో మిగిలిన మాంసం ముక్క తీసేసుకున్నప్పుడు యాత్రికులు గొణుగుతారు. గొణగవలసినది వాళ్ళు కాదు. రోగం నిజమే, కంచె తీసేస్తే రోగం దిగుతుందన్నదీ నిజమే. అయినా కంచెకు ఏ పక్కన ఎవరి పశువులు పడ్డాయన్నది రోగం తేల్చిన సంగతి కాదు.

ఒక మాట చెప్పి ముందుకు పోతాను, ఇది మన గురించి. నమీబియాలో ఖోరిక్సస్ దగ్గర రాయిగా మారిన చెట్ల మానులు పడి ఉన్నాయి. దాదాపు 28 కోట్ల ఏళ్ళనాటివి. ఆ కాలంలో ఆఫ్రికా, ఇండియా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే నేలగా అతుక్కుని ఉండేవి. ఆ నేలకు పెట్టిన పేరు గోండ్వానా, అంటే మన గోండుల దేశం. మధ్య భారతంలో గోండుల ప్రాంతపు రాళ్ళను చూసి 1872లో మెడ్లికాట్ ఆ రాళ్ళకు ఆ పేరు వాడాడు. 1885లో సూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త మొత్తం పాత ఖండానికి పెట్టాడు. మా సింగరేణి బొగ్గు ఏ రాళ్ళ పొరల్లో ఉందో అదే కాలపు పొరల్లో దక్షిణాఫ్రికా బొగ్గు కూడా ఉంది. బెర్లిన్‌లో ఆఫ్రికాను పంచుకుంటున్న ఆ ఏడే, పొలిమేరలు లేని ఆ ఖండానికి మన పేరు పెట్టారు. ఈ సంగతి చెప్పినప్పుడు నా తరగతిలో గోండు పిల్లలు కాసేపు వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు.

విండ్‌హుక్ నుంచి తూర్పుకు పోతే బుయిటెపోస్, మమునో. ఇది వెనక బెంచీ పిల్లవాడి స్కేలు గీత. 1890 ఒప్పందంలో ఇక్కడ ఏ నదినీ కొండనూ చూడలేదు. ఆరెంజ్ నది నుంచి 20 డిగ్రీల తూర్పు రేఖాంశం పట్టుకుని ఉత్తరానికి పోవాలి, 22 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర తూర్పుకు తిరగాలి, 21 డిగ్రీల రేఖాంశం తగిలాక మళ్ళీ ఉత్తరానికి. అదీ మెట్టు. బెర్లిన్‌లో కాగితం మీద గీసిన ఆ గీత కలహరి నేల మీద ఎవరి మధ్య నుంచి పోయిందంటే శాన్ జనం మధ్య నుంచి. బుష్‌మెన్ అని తెల్లవాళ్ళు పిలిచినది వాళ్ళనే. వేట, దుంపలు, పండ్లు వాళ్ళ బతుకు. వాళ్ళ భాషల్లో నాలుకతో టక్కుమనిపించే అక్షరాలు ఉంటాయి, మనం మేకలను అదిలించేటప్పుడు చేసే చప్పుడు లాంటివి. అది వాళ్ళకు సరైన అక్షరం, దానికి రాత గుర్తులు కూడా ఉన్నాయి.

శాన్‌లలో జుహోవాన్సి అనే వాళ్ళు ఆ గీతకు రెండు పక్కలా ఉన్నారు. చాలా ఏళ్ళు గీత పటంలోనే ఉంది కాబట్టి వాళ్ళకు పట్టలేదు. నీటి గుంట ఇటు, దుంపల తావు అటు, మేనత్త ఇల్లు అటు. 1965లో కంచె వేశారు. అప్పుడు తెలిసింది తాము రెండు దేశాల వాళ్ళమని. నమీబియా వైపు న్యయే న్యయే అనే చోట 1990లలో ఊరి బడులు పెట్టారు. మొదటి మూడేళ్ళు జుహోవాన్సి భాషలోనే చదువు, తర్వాత ఇంగ్లీషు. మన దగ్గర కోయ, గోండి, కువి భాషల్లో వాచకాలు వేసి పెట్టె లోపల పెట్టేసిన అనుభవం ఉన్న టీచర్లు ఈ ముక్క రెండుసార్లు చదువుతారనుకుంటాను.

బోత్స్వానాలో మౌన్ దగ్గర ఒకవాంగో నీళ్ళలో పడవ తిరుగుడు అయ్యాక లారీ మొహెంబో దగ్గర మళ్ళీ నమీబియాలోకి, అంటే ఆ చెయ్యిలోకి వస్తుంది. ఇది క్యాప్రివి పట్టీ. సుమారు 450 కిలోమీటర్ల పొడవు, సన్నగా ఉన్నచోట 32 కిలోమీటర్లే వెడల్పు. 1890 ఒప్పందంలో జర్మనీ తూర్పున జంజిబార్ మీద పట్టు వదులుకుంది. బదులుగా ఉత్తర సముద్రంలో హెలిగోలాండ్ దీవి, ఇక్కడ జాంబెజి నదికి చేరే ఒక దారి తీసుకుంది. ఆ దారి ఎక్కడా 20 ఇంగ్లీషు మైళ్ళకు తగ్గకూడదని రాశారు. ఈసారి ఏ మైలో స్పష్టంగా రాశారు, ఎందుకంటే రెండు వైపులా ఉన్నది తెల్లవాళ్ళు. నదిలో పడవల మీద తూర్పు సముద్రానికి పోవచ్చని ఆశ. దారిలో నూరు మీటర్లకు పైగా దూకే విక్టోరియా జలపాతం ఉంది. లివింగ్‌స్టన్ 1855లోనే చూసి రాశాడు. దానికి స్థానికుల పేరు మోసి ఓ తున్యా, ఉరిమే పొగ అని. ఉరుము వినిపిస్తున్నా పడవ దారి అనుకున్నారు. అప్పటి జర్మనీ ప్రధాని లియో ఫోన్ క్యాప్రివి పేరు ఆ పట్టీకి పెట్టారు. 2013లో నమీబియా ఆ ప్రాంతానికి జాంబెజి అని పేరు మార్చింది.

ఆ పట్టీ పడమటి భాగం ఇప్పుడు బ్వాబ్వాటా జాతీయవనం. రోడ్డు అడవి నడుమ నుంచి తిన్నగా పోతుంది. ఏనుగులున్నాయి జాగ్రత్త అని బోర్డులు ఉంటాయి. ఇక్కడి అడవి వాళ్ళు ఖ్వేలు, శాన్‌లలో ఒక తెగ. నమీబియా స్వాతంత్ర్యం కోసం స్వాపో పోరాటం జరుగుతుండగా దక్షిణాఫ్రికా సైన్యం 1970లలో ఇక్కడ ఒమేగా అనే శిబిరం పెట్టింది. అడుగుజాడలు పట్టడంలో శాన్‌లను మించినవాళ్ళు లేరు. ఖ్వేలను, అంగోలా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన షున్ అనే ఇంకో శాన్ తెగ మగవాళ్ళను సైన్యంలో చేర్చుకున్నారు. జీతం, తిండి, బడి, ఆసుపత్రి అన్నీ శిబిరంలోనే. ఎవరి పక్షమో ఆలోచించే తావు వాళ్ళకు ఎంత ఉందో మనం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేం. అడవి వనం పేరుతో మూసుకుపోయింది, పక్క దేశంలో యుద్ధం. అడవి దారి తెలిసిన ఆదివాసీని ఒక పక్షం జాడకాడుగా పెట్టుకుని, ఇంకో పక్షం ద్రోహి అనడం మన ప్రాంతంలోనూ చూసిందే.

1990లో నమీబియా స్వతంత్రం కాగానే ప్రతీకారం జరుగుతుందన్న భయం పుట్టింది. సైన్యం వాళ్ళను దక్షిణాఫ్రికాకు తీసుకుపోతామంది. సైనికులు, ఇంటివాళ్ళు కలిపి దాదాపు 4,000 మంది కదిలారు. కింబర్లీ ఊరికి దగ్గరలో ష్మిట్స్‌డ్రిఫ్ట్ అనే చెట్టూ చేమా లేని సైన్యపు మైదానంలో దించి గుడారాలు వేసిచ్చారు. తాత్కాలికం అన్నారు. పదేళ్ళకు పైగా గుడారాల్లోనే ఉన్నారు. ఎండకు చినిగాయి, చలికి ఆగలేదు, పిల్లలు పుట్టి బడికి వెళ్ళే వయసుకొచ్చారు. ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. ఆ మైదానం అంతకు ముందు ద్స్వానా జనాన్ని వెళ్ళగొట్టి సైన్యం తీసుకున్నది. వాళ్ళు తమ భూమి తమకు కావాలన్నారు, వాళ్ళ కోరిక న్యాయమైనదే, గెలిచారు. శాన్‌లకు ప్లాట్‌ఫోంటెయిన్ అనే పొలం కొనిచ్చి తర్వాత అక్కడ ఇళ్ళు కట్టారు. 2000 నుంచి షున్, ఖ్వే భాషల్లో వాళ్ళకు ఒక రేడియో ఉంది, ఎక్స్ కె ఎఫ్‌ఎమ్ అని.

మూడు వారాలు గుడారంలో పడుకోవడానికి డబ్బు కట్టి వచ్చినవాళ్ళు ఈ రోడ్డు మీద వెళ్తారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ గైడు ఏనుగులతో పాటు ఈ కథ కూడా చెబితే బాగుండును.

పట్టీ తూర్పు చివర కతిమా ములిలో, అక్కడి నుంచి న్గోమా వంతెన మీదుగా చోబే నది దాటి బోత్స్వానా. ఇక్కడే చెప్పులు మందునీళ్ళలో తొక్కేది. వంతెనకు కొంత దూరంలో నది రెండు పాయలై మధ్యలో ఒక చిన్న లంక ఉంది. మూడున్నర చదరపు కిలోమీటర్లు, ఏడాదిలో కొన్ని నెలలు నీళ్ళలో మునిగే ఉంటుంది. నమీబియా వాళ్ళకు కసికిలి, బోత్స్వానా వాళ్ళకు సెదుదు. 1890 ఒప్పందం పొలిమేర ప్రధాన పాయ మధ్య అంది. ప్రధాన పాయ ఏది? ఒప్పందం రాసినవాళ్ళు ఆ లంక ఉందని కూడా చూసి ఉండరు. రెండు దేశాలు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళాయి. లోతు, వెడల్పు, నీటి ఉరవడి అన్నీ కొలిచి, ఉత్తరపు పాయే ప్రధానమని 1999 డిసెంబరు 13న తీర్పు వచ్చింది. లంక బోత్స్వానాకు వెళ్ళింది. పదకొండు మంది న్యాయమూర్తులు అటు, నలుగురు ఇటు.

ఈ తీర్పులో నన్ను పట్టుకున్న ముక్క వేరు. నమీబియా ఇంకో వాదన కూడా చేసింది. క్యాప్రివి వైపు మసుబియా జనం తరతరాలుగా వరద తగ్గినప్పుడు ఆ లంక మీద పంట వేసుకుంటున్నారు కదా, ఎవరూ అడ్డుచెప్పలేదు కదా, కాబట్టి లంక మాది అని. కోర్టు కాదంది. మసుబియాలు పంట వేయడం నిజమే గానీ, అది కాలాన్ని బట్టి, తమ తిండి కోసం చేసిన సాగు, రాజ్యం తరఫున చేసినది కాదు, అంచేత దాని వల్ల దేశానికి హక్కు రాదు అంది. చట్టం తెలిసినవాళ్ళు ఇది సరైన తర్కమే అంటారు. దేశాల మధ్య తగాదాలో సరైనదే కావచ్చు. పోడు పట్టా కోసం దరఖాస్తు పెట్టి, సాగు చేసిన ఆధారం చూపించమంటే చేతులు చూపించిన మనవాళ్ళు మాత్రం ఆ వాక్యం దగ్గర ఆగుతారు. రిఖ్టర్స్‌వెల్డ్ తీర్పులో సాగుకూ మేతకూ బరువు ఉంది. కసికిలి తీర్పులో లేదు. అక్కడ అడిగింది జనం, ఇక్కడ అడిగింది రాజ్యం.

చివరిది కజుంగుల. నమీబియా పట్టీ కొస, బోత్స్వానా, జాంబియా, జింబాబ్వే నాలుగూ ఇంచుమించు ఒక్కచోట కలిసే తావు. బోత్స్వానా, జాంబియాల మధ్య పొలిమేర 150 మీటర్లే. ప్రపంచంలో ఇంత పొట్టి పొలిమేరలు అరుదు. ఆ 150 మీటర్లు కూడా లేవనీ, ఆ దేశాలు ఒకదానికొకటి తగలవనీ 1970లో దక్షిణాఫ్రికా వాదించింది, ఎందుకంటే తెల్లవాళ్ళ పాలన లేని రెండు నల్ల దేశాలు అక్కడ బల్లకట్టు మీద కలుస్తున్నాయి. 1979లో రొడీషియా సైన్యం ఆ బల్లకట్టును ముంచేసింది. తర్వాత కూడా ఏళ్ళ తరబడి లారీలు బల్లకట్టు కోసం రోజుల కొద్దీ వరుసలో నిలబడేవి. 2021 మే 10న అక్కడ 923 మీటర్ల వంతెన తెరిచారు. వంతెన తిన్నగా లేదు, విల్లులా వంగి ఉంటుంది. జింబాబ్వే నేలను తాకకుండా పోవాలి కాబట్టి నది మీదే వంచి కట్టారు. పటంలో చూపిస్తే వెనక బెంచీ పిల్లవాడు "ఇక్కడ స్కేలు పనికి రాలేదు సార్" అన్నాడు.

అక్కడి నుంచి జలపాతం గంటన్నర దూరం. లారీ ఆగిపోతుంది, గుడారాలు ఆఖరిసారి మడుస్తారు, యాత్రికులు విమానం ఎక్కుతారు.

పాఠం రెండు పీరియడ్లు తిన్నది. గంట కొట్టాక చెయ్యి గురించి అడిగిన అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి, "ఆ గుడారాల వాళ్ళు మళ్ళీ వాళ్ళ అడవికి వెళ్ళారా సార్?" అని అడిగింది. ఎక్కువమంది ప్లాట్‌ఫోంటెయిన్‌లోనే ఉన్నారని చెప్పాను. అడవిలోని చుట్టాలను చూడాలంటే వాళ్ళు కూడా పాస్‌పోర్టు పట్టుకుని, పొలిమేర దగ్గర వరుసలో నిలబడి, రెండు ముద్రలు వేయించుకోవాలని చెప్పాను.